పారితోషికం వద్దన్నారు, బడి చాలన్నారు

శ్రీకాకుళం: 1911లో మద్రాసు ప్రభుత్వం పర్లాకిమిడిలో ఉన్న ఒక పంతులు గారికి రొక్కం ముట్టజెప్పడానికి సిద్ధపడింది. సవర భాషలో ఆయన తయారు చేసిన పుస్తకాలకు అది పారితోషికం. పంతులు గారు పుచ్చుకోలేదు. ఆ సొమ్ముతో సవర పిల్లలకు ఒక మంచి బడి పెట్టించి, ఆ పుస్తకాలు అందులో చెప్పిస్తే తనకు అదే చాలునని సర్కారుకు తెలియజేశారు. సరిగ్గా ఆ ఏడాదే ఆయన ముప్పయ్యేళ్ళ ఉద్యోగం నుంచి విరమించుకున్నారు. నెల తిరిగేసరికి చేతికి వచ్చే జీతం ఆగిపోయే వేళ, ఇంటి ముంగిటికి వచ్చిన డబ్బును కొండ మీదికి పంపించేశారన్నమాట.

ఆయనే గిడుగు వెంకట రామమూర్తి పంతులు. ఆయన పేరు చెప్పగానే జిల్లాలో ఎవరికైనా వాడుక భాష ఉద్యమం గుర్తుకు వస్తుంది. ఆగస్టు 29న, అంటే ఆయన పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవం జరుగుతుంది. విగ్రహాలకు దండలు వేస్తారు, బడుల్లో వ్యాసరచన పోటీలు పెడతారు. ఆయన జీవితంలో సగానికి సగం వయసు, సంపాదనలో చాలా భాగం, చివరికి రెండు చెవులు కూడా సవర కొండలకే ధారపోసిన సంగతి మాత్రం ఆ సభల్లో రెండు మాటలతో ముగిసిపోతుంది. నిజానికి తెలుగు కోసం ఆయన చేసిన పోరాటానికి విత్తు పడింది ఆ కొండల్లోనే.

పంతులు గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి దగ్గరలో వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. అప్పటికి అది గంజాం జిల్లా. తండ్రి వీర్రాజు గారు రెవెన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. తండ్రికి చోడవరం బదిలీ అయింది, అక్కడే 1875లో ఆయన కాలం చేశారు. పన్నెండేళ్ళ కుర్రవాడు విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకున్నాడు. గురజాడ అప్పారావు గారు అక్కడ సహాధ్యాయి. ఆ స్నేహం తరువాత తెలుగుదేశానికి ఎంత పనికివచ్చిందో అందరికీ తెలిసిందే. 1879లో మెట్రిక్యులేషన్ గట్టెక్కింది. పెళ్ళీ ఆ ఏడాదే అయింది. పై చదువుకు స్తోమత లేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు ముప్పయి రూపాయల జీతం మీద చరిత్ర పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరారు.

ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా ఎఫ్.ఏ., ఆ తరువాత బి.ఏ. పూర్తి చేశారు. బి.ఏ.కి చరిత్రే ప్రధాన విషయం. బడి కాలేజీ స్థాయికి పెరిగింది, పంతులు గారికీ కాలేజీ తరగతులు చెప్పే యోగ్యత వచ్చింది. అంతవరకూ ఇది ఆ తరంలో కష్టపడి పైకొచ్చిన అనేకమంది కథే. ఇక్కడి నుంచి బి.ఎల్. చదివి ప్లీడరు కావచ్చు, జమీందారీ కొలువులో పై మెట్టుకు పోవచ్చు. పర్లాకిమిడి వంటి సంస్థానంలో ఇంగ్లీషు, తెలుగు, లెక్కా డొక్కా వచ్చిన మనిషికి నాలుగు ఎకరాలు కూడబెట్టుకోవడం గొప్ప పని కాదు. పంతులు గారి మనసు ఆ దారిన పోలేదు.

మొదట శాసనాల మీదికి పోయింది. శ్రీముఖలింగేశ్వరుని గుడి గోడల మీద, స్తంభాల మీద చెక్కిన రాతలు చదవాలని పుస్తకాలు తెప్పించుకుని, గురువు లేకుండానే పాత లిపులు నేర్చుకున్నారు. నరసన్నపేట ప్రాంతంలోని నడగాంలో దొరికిన వజ్రహస్తుని తామ్రశాసనాన్ని చదివి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం అంటే మన ముఖలింగమేనని వాదించారు. అప్పట్లో శాసనం చదివినందుకు పైసా రాదు. నకళ్ళు తీయడానికి, బండి కట్టించుకోవడానికి చేతి డబ్బే ఖర్చు. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో గాని రాలేదు. అంతకు ముందు ఎక్కడికి పోవాలన్నా ఎడ్ల బండి, లేకుంటే కాళ్ళు.

పర్లాకిమిడి సంతకు కొండ దిగి సవరలు వచ్చేవారు. చింతపండు, పసుపు, కందులు, అడ్డాకులు తెచ్చి ఉప్పు, బట్ట, పొగాకు పట్టుకుపోయేవారు. వారి మాట ఊళ్ళో వారికి రాదు, ఊరి మాట వారికి రాదు. సవర భాష తెలుగుకు గాని ఒడియాకు గాని చుట్టం కాదు. అది ముండా భాషల కుటుంబానికి చెందినది. లెక్క కూడా వేరు. మనం పదులతో లెక్కపెడితే సవరలు పన్నెండుతోను, ఇరవైతోను లెక్కపెడతారు. పదమూడు అనాలంటే పన్నెండూ ఒకటి అంటారు. ముప్పయి రెండు అంటే ఇరవైయూ పన్నెండూ. పదుల లెక్క వేసే షావుకారుకూ, పన్నెండుల లెక్క వేసే సవరకూ నడుమ ఎవరో ఒకరు దుబాసీగా నిలబడాలి. ఆ నిలబడినవాడి చేతిలోనే త్రాసు, అప్పు చీటీ, ఒక్కొక్కప్పుడు కచేరీలో సాక్ష్యం కూడా ఉండేవి. కుంచం ఎటు వంగేదో వేరే చెప్పనక్కరలేదు. ఏజన్సీలో వడ్డీలకు హద్దు పెట్టి, కొండవారి భూములు పరుల పాలు కాకుండా ఆపాలని మద్రాసు ప్రభుత్వం 1917లో చట్టమే చేయవలసి వచ్చింది. చట్టం వచ్చినా అప్పు చీటీలు ఆగలేదు. 1960ల చివర ఈ జిల్లా కొండల్లో ఆ కథ ఎంత దూరం వెళ్ళిందో ఇక్కడి వారికి తెలుసు.

ఈ వ్యవహారం చూసిన చదువుకున్నవారు ఆ ఊళ్ళో చాలామందే ఉండి ఉంటారు. కొందరు జాలి పడి ఉంటారు, మరికొందరికి అదే వ్యాపారం. పంతులు గారికి మాత్రం ముందు వాళ్ళ మాట నేర్చుకోవాలని తోచింది. కొండవాడు తెలుగు నేర్చుకుని దిగి రావాలని ఆయన అనుకోలేదు. తానే సవర నేర్చుకుని ఎక్కి వెళ్ళాలనుకున్నారు.

నేర్చుకోవడానికి పుస్తకం లేదు. ఆ భాషకు లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు అంతకంటే లేదు. తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక మనిషిని తెచ్చి తమ ఇంట్లోనే పెట్టుకున్నారు. అతని తిండీ బట్టా పంతులు గారివే. పంతొమ్మిదో శతాబ్దం చివరి రోజుల్లో, జమీందారీ పట్నంలో, ఒక బ్రాహ్మణ గృహస్థు ఈ పని చేస్తే అగ్రహారం వీధి ఏమనుకుని ఉంటుందో ఊహించడం కష్టం కాదు. కాలేజీ నుంచి వచ్చి అతనిని ఎదుట కూర్చోబెట్టుకుని ఒక్కొక్క మాటా అడిగించుకుని రాసుకోవడం, అతని నోరు ఎలా కదులుతున్నదో చూసి తాము పలకడం, తప్పయితే మళ్ళీ పలకడం. ఇలా ఏళ్ళ తరబడి సాగింది. సవరలో మాట మధ్యలో గొంతు చటుక్కున ఆగే ధ్వని ఒకటి ఉంది. తెలుగు అక్షరాలలో దానికి చోటు లేదు. క్రియలో కర్మ కలిసిపోయి వాక్యమంతా ఒక్క మాటగా మారిపోతుంది. ఇవి పట్టుకోవడానికి యూరపులో అప్పుడప్పుడే వస్తున్న ధ్వనిశాస్త్ర గ్రంథాలు తెప్పించి చదివారు. చరిత్ర పంతులు కాస్తా ఆ విధంగా భాషాశాస్త్రజ్ఞుడు అయ్యారు. పరీక్ష రాసి కాదు, పట్టా కోసమూ కాదు.

ఇంట్లో నేర్చుకున్నది సరిపోదని కొండలెక్కారు. పర్లాకిమిడి మాళియాలంటే ఆ రోజుల్లో చలిజ్వరానికి పుట్టిల్లు. వాన వెలిశాక కొండకు పోయి వచ్చినవాడు మంచం పట్టకుండా ఉండడం అరుదు. మైదానం నుంచి ఏజన్సీకి బదిలీ అయితే ఉద్యోగులు సెలవు పెట్టేవారు. పంతులు గారు సెలవు పెట్టుకుని ఏజన్సీకి వెళ్ళేవారు. ఆయననూ జ్వరం పట్టింది. విడవక పట్టింది. దానికి మందు క్వినైన్ ఒక్కటే. మోతాదు మీద మోతాదు పుచ్చుకున్నారు. జ్వరం తగ్గింది, వినికిడి పోయింది.

ఇక్కడ కొంచెం ఆగవలసి ఉంది. ఒక భాషను చెవితో విని పట్టుకోవలసిన మనిషి ఆ చెవినే పోగొట్టుకున్నారు. తరువాత జీవితమంతా ఎదుటివారు గట్టిగా చెప్పాలి, లేదా కాగితం మీద రాసి చూపాలి. సభల్లో ప్రతిపక్షులు ఏమంటున్నారో ఆయనకు సరిగా వినబడేది కాదు. అయినా సవర పని మానుకోలేదు, కొండకు పోవడం మానుకోలేదు.

భాష పట్టుబడిన తరువాత పుస్తకాలు రాశారు. కథలు, పాటలు, పిల్లలు అక్షరాలు దిద్దుకునే వాచకాలు. రాసి ఊరుకోలేదు. సొంత ఖర్చు మీద బడులు పెట్టారు. సవర పిల్లలకు సవరలోనే పాఠం. ఉపాధ్యాయులకు జీతాలు పంతులు గారే ఇచ్చుకున్నారు. పంతులు ఉద్యోగంలో వచ్చిన జీతం మరికొందరు పంతుళ్ళకు జీతాలుగా పోయేది. ఇంటి లెక్కల పుస్తకం ఎలా ఉండేదో గాని, భార్య అన్నపూర్ణమ్మ గారు, పిల్లలు ఆ లోటును సర్దుకున్నారనే చెప్పాలి. ఇంటాయన సంపాదన ఇంటికి రాకపోతే ఎంత ఇబ్బందో సంసారులకు తెలుసు. ఇటువంటి వారి చరిత్రలు రాసేవారు ఇంటి ఇల్లాలి ఓర్పును లెక్కలోకి తీసుకోకపోవడం పెద్ద లోపం.

ఈ కృషిని చూసి ప్రభుత్వం ముందు పారితోషికం ఇవ్వబోయింది. ఆయన దానిని కాదన్న సంగతి పైన చెప్పుకున్నదే. 1913లో రావు సాహెబు బిరుదు ఇచ్చింది. బిరుదును కాదనలేదు. దానితో సర్కారులో మాట చెల్లుతుంది, బడులకు ఉపయోగం. డబ్బు మీద ద్వేషమున్న సన్యాసి కాదాయన. సంసారి, పంచె కండువాల పంతులు. డబ్బు ఎక్కడ ఖర్చు కావాలన్నదే ఆయన పట్టుదల.

వాడుక భాష వాదం కూడా ఈ పని నుంచే మొలిచింది. 1907 ప్రాంతంలో జె.ఏ. యేట్స్ అనే దొర ఉత్తర సర్కారు బడుల తనిఖీ అధికారిగా వచ్చారు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు మరొకటి ఏమిటని ఆయనకు సందేహం కలిగింది. పంతులు గారికి అప్పటికే జవాబు తెలుసు. సవర పిల్లవాడికి సవరలో చెబితే ఇట్టే పట్టుకుంటున్నాడు. మరి తెలుగు పిల్లవాడికి ఇంట్లో లేని తెలుగులో ఎందుకు చెప్పాలి? గురజాడ, యేట్సు, విశాఖపట్నంలోని పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పంతులు గారు ఒక జట్టయ్యారు. అవతల జయంతి రామయ్య పంతులు గారు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు, ఆ పరిషత్తుకు పిఠాపురం సంస్థానం అండ. ఇవతల పంతులు గారి సంచీ. ఆ సంచీలో పాత కావ్యాలు, వ్యాకరణాలు, పండితులు రాసిన పుస్తకాలు ఉండేవి. సభలో ఒక్కొక్కటే తీసి, గ్రాంథికమే రాయాలని పట్టుబట్టే వారు తామే దానిని తప్పులు లేకుండా రాయలేకపోతున్నారని పుట పేరుతో సహా చూపించేవారు. 1915లో గురజాడ పోయిన తరువాత భారమంతా ఆయన మీదే పడింది. 1916లో కొవ్వూరు సభలో గంటల తరబడి మాట్లాడారు. 1919లో రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులు గారి అధ్యక్షతన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కొద్ది నెలలకే వీరేశలింగం గారూ గతించారు. తెలుగు అనే మాసపత్రిక పెట్టారు, ఏడాది నడిచింది. ఊరూరా తిరిగారు. చివరకు 1924లో కాకినాడలోని సాహిత్య పరిషత్తే వాడుక భాష మీద తన నిషేధాన్ని ఎత్తివేసుకుంది. ఈ ఘట్టం చాలామంది రాసినదే గనుక ఇంతటితో చాలు.

కొండపని మాత్రం ఆయనకు డెబ్బయ్యో పడి దగ్గర పడ్డాక గాని పక్వానికి రాలేదు. ముప్పయి అయిదేళ్ళు కూడబెట్టిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. అప్పటికి ఆయనకు డెబ్బయి అయిదేళ్ళు. ఇతరులు పొలాలు కూడబెట్టే వయసులో ఆయన మాటలు కూడబెట్టారు. అవి కూడా తన సొంత భాషవి కావు. పెద్ద ధర పలికే సరుకూ కాదు. దేశంలో ఆ పుస్తకం కొనే వారు ఎందరుంటారు? అయితే సవరల మీద తరువాత పరిశోధన చేసిన దేశ విదేశాల వారికి ఆ రెండు గ్రంథాలే మొదటి మెట్టు అయ్యాయి. 1934లో కైజర్-ఇ-హింద్ పతకం, 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి కళాప్రపూర్ణ వచ్చాయి.

ఆయన జీవితంలో పెద్ద దెబ్బ 1936లో తగిలింది. ఆ ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. తెలుగువారు ఎందరో ఉన్న పర్లాకిమిడి పట్నం ఒరిస్సాలోకి పోయింది. అది మద్రాసు రాష్ట్రంలోనే ఉండాలని పంతులు గారు చెప్పిన మాటలు చెల్లలేదు. పదిహేడో ఏట ఉద్యోగానికి వచ్చిన ఊరు అది. యాభై ఆరేళ్ళు ఉన్న ఊరు. కొండకు దారి అక్కడి నుంచే. ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు. డెబ్బయి రెండేళ్ళ వయసులో, చెవులు వినబడని స్థితిలో, కొత్త ఊళ్ళో కాపురం. రాష్ట్రాల గీత సవరలనూ రెండుగా చీల్చింది. కొందరు ఒరిస్సా వైపు, కొందరు ఇటు సీతంపేట, పాతపట్నం కొండల వైపు ఉండిపోయారు. ఆ 1936లోనే ఒరిస్సా వైపు మంగెయి గొమాంగో అనే సవర తమ భాషకు సొంతంగా సొరంగ్ సొంపెంగ్ అనే లిపిని కల్పించుకున్నాడు. పరాయివాడు రాసిపెట్టిన భాషను ఆ మనుషులే తమ చేతిలోకి తీసుకున్న ఘట్టమది.

1940 జనవరిలో పంతులు గారు మద్రాసులో ఉన్నారు. ఒంట్లో బాగా లేదు. జనవరి 15న ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికల వారిని కలుసుకుని, జనం మాట్లాడే భాషలో పత్రికలు నడపమని చివరి విన్నపం చేసుకున్నారు. అప్పటికి తెలుగు పత్రికలు చాలావరకు గ్రాంథికం పట్టుకునే వేలాడుతున్నాయి. వారం తిరిగేసరికి, జనవరి 22న, అక్కడే కన్నుమూశారు. వెనుక మిగిల్చిన ఆస్తి ఏమిటని అడిగితే చూపించడానికి పుస్తకాల కట్టలు ఉన్నాయి. కుమారుడు గిడుగు వెంకట సీతాపతి గారు తండ్రి వెంట కొండలు తిరిగి సవర నేర్చుకున్నవారే. సవరల పాటల మీద, ఆచారాల మీద ఆయన వ్యాసాలు రాశారు. 1969లో ఆయనా పోయారు.

సవర పిల్లవాడికి సవరలో బడి అన్న మాట తరువాత చాలా కాలం సర్కారు కాగితాలలో ఎక్కడా కనబడలేదు. ఏజన్సీ బడులు తెలుగులోనే నడిచాయి. పిల్లలు మొదటి తరగతిలో చేరి, అర్థం కాక, మేకల వెనుక పోయేవారు. 2004లో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక తరగతుల బోధన మొదలుపెట్టింది. ఆ ఎనిమిదింటిలో సవర ఒకటి. మద్రాసు సర్కారుకు పంతులు గారు తన డబ్బు బదులుగా అడిగిన దానికీ, ఈ ఉత్తర్వుకూ నడుమ తొంభై మూడేళ్ళు గడిచాయి.